మొదటి విరామంలో చెప్పని మాట

పోయిన శనివారం మధ్యాహ్నం మా ఇంటికి దగ్గర్లోని ఒక స్కూలు హాల్లో కొత్త పిల్లల బాక్సింగ్ పోటీలు జరుగుతున్నాయంటే ఊరికే చూసొద్దామని వెళ్లాను. తలుపు నెట్టగానే యూకలిప్టస్ నూనె, చెమటకు తడిసిన చేతిపట్టీలు, రబ్బరు చాపలు, ఎవరో అప్పుడే ఒలిచిన నారింజపండు, అన్నీ కలిసిన వాసన ముఖానికి కొట్టింది. ఇంకెవరికైనా ఆ వాసన వస్తే ముక్కు మూసుకుంటారేమో. నాకు మాత్రం పద్నాలుగేళ్ల వయసు తిరిగొచ్చింది, దాంతోపాటు అప్పట్లో నా కడుపులో రగులుతుండిన కుళ్లుబోతుతనం కూడా వచ్చింది. ఇన్నేళ్లయినా అది ఏమాత్రం ముసలిదైపోలేదు.

మేం హనుమకొండ నుంచి సిడ్నీ వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లి లహరికి ఆరు. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చాక వచ్చాం, దానికి రాకముందే వచ్చాం. అందుకే ఇంట్లో అమ్మానాన్నలు ఏం మాట్లాడినా అది అర్థం చేసుకునేది కానీ జవాబు ఇంగ్లీషులోనే చెప్పేది. దాని నోట మిగిలిన తెలుగు మాట ఒక్కటే, ‘అక్కా’. నాన్న రోడ్ల డిజైన్లు వేసే ఇంజనీరు, అమ్మ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. సిడ్నీ శివారు టూంగాబీలో మా వీధి చివర కార్లు తిరిగే గుండ్రటి జాగాలో గుజరాతీ పిల్లలు, తమిళ పిల్లలు, మేమూ కలిసి చెత్తబుట్టను వికెట్లుగా పెట్టి క్రికెట్ ఆడేవాళ్లం. సెప్టెంబరులో గూళ్లు కట్టుకున్న మాగ్‌పై పిట్టలు నెత్తిన పొడవకుండా సైకిల్ హెల్మెట్లు పెట్టుకుని స్కూలుకు నడిచేవాళ్లం. ఇక్కడి ఎండాకాలం, డిసెంబరులో అట్టపెట్టెల నిండా మామిడిపండ్లు కొనుక్కొచ్చి పెరట్లో పైపు నీళ్ల కింద కూర్చుని మోచేతుల దాకా రసం కారేలా తినేవాళ్లం.

ఆ రోజుల్లో నేను కొంచెం బొద్దుగా ఉండేదాన్ని. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేదాన్ని. డాక్టరు ఏదైనా ఆట నేర్పించమన్నాడని నాన్న నన్ను స్టేషన్ అవతల, టైర్ల దుకాణం వెనక రేకుల షెడ్డులో నడిచే బాక్సింగ్ క్లబ్బులో చేర్పించాడు. దాన్ని టోనీ అనే ఆయన నడిపేవాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ముక్కు ఒక పక్కకు వంకర, ఎప్పుడూ నారింజపండు ఒలుస్తూ ఉండేవాడు. ఎండాకాలం ఆ షెడ్డు పెనంలా కాలేది, చలికాలం జూన్, జులైల్లో నోట్లోంచి పొగలు వచ్చేవి. వేలాడదీసి గుద్దే పాత సంచులకు చిరుగులు పడినచోటల్లా నల్ల టేపు చుట్టేవాళ్లు. సాయంత్రాలు అమ్మకు డ్యూటీ కాబట్టి లహరిని ఇంట్లో ఒంటరిగా వదల్లేక నా వెంట పంపేవారు. అది మూలన కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేది, విసుగొస్తే ఎవరో పడేసిన తాడుతో ఎగిరేది. అంటే, బాక్సింగ్ నాది. అది నా వెంట వచ్చింది, అంతే.

ఒకరోజు నాకు జోడీ పిల్ల రాకపోతే టోనీ లహరికి గ్లవ్స్ తొడిగి నా ఎదుట నిలబెట్టాడు. నేను గుద్దబోతే అది అర అడుగు పక్కకు జరిగి, నా ముక్కు మీద మెత్తగా తాకించి, మళ్లీ మొదటి చోటే నవ్వుతూ నిలబడింది. టోనీ నారింజ తొనను నోటి దగ్గరే ఆపేశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. ఏడాదిగా ఆ షెడ్డులో చెమటలు కక్కుతున్నా ఆయన నన్నెప్పుడూ అలా చూడలేదు.

ఆ తర్వాత రెండేళ్లూ మా ఇల్లంతా లహరి చుట్టూనే తిరిగింది. నేను రెండు పోటీల్లో దిగి రెండూ ఓడిపోయాను. గుద్దు వస్తుంటే నాకు కళ్లు మూతపడేవి, దానికేమీ చేయలేకపోయాను. లహరి మాత్రం గెలుచుకుంటూ పోయింది. నాన్న దాన్ని తెల్లవారుజామున పరుగుకు తీసుకెళ్లి కారులో హీటరు వేసి తెచ్చేవాడు. అమ్మ దానికోసం రాగిజావ కాచేది, గుడ్ల తెల్లసొన విడిగా తీసి పెట్టేది, మిగిలిన పచ్చసొనలతో నాకు ఆమ్లెట్ వేసేది. బరువు తూచే రోజు దగ్గర పడితే ఇంట్లో తీపి బంద్. ఒక ఉగాదికి అమ్మ భక్ష్యాలు చేసి, నన్ను వంటింట్లోకి పిలిచి, “నువ్వు దాని ముంగట తినకు బిడ్డా, పాపం అది ఏం తింటలేదు” అంది. నేను వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి ఏడు భక్ష్యాలు తిన్నాను. లహరి తినకపోవడం అందరికీ కనిపించింది. నేను ఏడు తినడం ఎవరికీ కనిపించలేదు.

తెలుగువాళ్ల పార్టీలకు వెళ్తే అంకుల్స్ పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి చుట్టూ చేరి, “ఆడపిల్లకు బాక్సింగేంది అన్నా” అని మొదలుపెట్టేవాళ్లు, పావుగంటలో వాళ్లే లహరిని పిలిచి భుజం గట్టిగా ఉందో లేదో నొక్కి చూసేవాళ్లు. ఆంటీలు దాని ముఖానికి దెబ్బ తగలకూడదని దిష్టి తీయమనేవాళ్లు. నన్నేమో, “నువ్వు ఏ ఇయర్‌లో ఉన్నావమ్మా?” అని అడిగి జవాబు పూర్తిగా వినకుండానే ప్లేటు చేతికిచ్చేవాళ్లు.

నాకు మిగిలింది ఒక నోటుబుక్కు. ఓడిపోయాక నేను రింగు పక్కన కూర్చుని ఎవరు ఎలా గుద్దుతున్నారో గీతలు గీసి లెక్కపెట్టేదాన్ని. రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు కూర్చుంటారు, ఎవరి లెక్క వాళ్లదే. ప్రతి రౌండులో మెరుగ్గా ఆడినవాళ్లకు పది, రెండోవాళ్లకు సాధారణంగా తొమ్మిది. మూడు రౌండ్లయ్యాక ఎక్కువమంది జడ్జీలు ఎవరివైపు ఉంటే వాళ్లు గెలిచినట్టు. చూసేవాళ్లు గట్టిగా చప్పుడైన గుద్దుకు కేకలేస్తారు, కానీ చేతుల మీద పడ్డ గుద్దుకు విలువ లేదు. పిడికిలి ముందు భాగంతో ముఖానికో, నడుముకు పైన ఒంటికో శుభ్రంగా తగిలినదే దెబ్బ. నేను అవే రాసేదాన్ని. నా అంకెలు జడ్జీల అంకెలతో ఎప్పుడూ కలుస్తుండడం చూసి టోనీ నన్ను రింగులో తమకిచ్చిన మూల వెనకే, మొదటి వరుసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. రౌండుకూ రౌండుకూ మధ్య నిమిషం విరామంలో మెడ తిప్పి, “అక్క, ఎనీథింగ్?” అనేవాడు. లహరి అలా పిలుస్తుంది కాబట్టి అదే నా పేరనుకున్నాడు. లహరి కూడా ఆ నిమిషంలో నీళ్లు పుక్కిలిస్తూ భుజం మీదుగా నావైపు చూసేది. నేను చెప్పింది టోనీ దానికి చెప్పేవాడు, తర్వాతి రౌండులో అది అదే చేసేది. గెలిస్తే చప్పట్లు దానికే.

రాష్ట్ర స్థాయి స్కూలు పిల్లల ఛాంపియన్‌షిప్ ఫైనల్ సద్దుల బతుకమ్మ రోజునే పడింది. పొద్దున్న అమ్మ ఆంటీలతో కలిసి బతుకమ్మ పేర్చింది. తంగేడు దొరకదు కాబట్టి వీధి చివర చెట్టు నుంచి కోసిన ఎర్రటి బాటిల్‌బ్రష్ పూలు, పక్కింటి ఆమె ఇచ్చిన గులాబీలు, సూపర్‌మార్కెట్ చామంతులు పెట్టింది. పల్లీల సత్తు, నువ్వుల సత్తు డబ్బాల్లో సర్ది, పోటీ అవ్వగానే బతుకమ్మ ఆడే చోటికే రమ్మంది. నేనూ, నాన్నా, లహరీ ఆట జరిగే హాలుకు వెళ్లాం.

ఎదుటి పిల్ల లహరికన్నా తల ఎత్తు పొడుగు. ఎడమచేయి కర్రలా చాచి గుద్దుతూ లహరిని దగ్గరికి రానివ్వలేదు. చిన్నపిల్లల రౌండు ఒకటిన్నర నిమిషమే, అందులో లహరికి దూరడానికి సందు దొరకలేదు. పక్కన నాన్న కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. నేను గీతలు గీస్తూనే ఉన్నాను. రౌండు సగంలో నాకొకటి కనిపించింది. ఆ పిల్ల ఎడమచేత్తో ఒకసారి గుద్దితే చేయి సూటిగా గడ్డం దగ్గరికే తిరిగొచ్చేది. వెంటవెంటనే రెండుసార్లు గుద్దితే మాత్రం, రెండోసారి అలసటగా ఛాతీ దాకా జారి వచ్చేది. ఆ క్షణం ముఖం పూర్తిగా తెరుచుకునేది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. రెండో గుద్దు తప్పించుకుని వెంటనే కుడిచేత్తో కొడితే చాలు.

గంట మోగింది. లహరి వచ్చి స్టూలు మీద కూర్చుంది, ముఖం ఎర్రగా ఉంది, ఊపిరి అందడం లేదు. టోనీ మెడ తిప్పాడు. “అక్క, ఎనీథింగ్?” లహరి నావైపు చూసింది.

నేను లేదన్నట్టు తలూపాను.

అది ఓడిపోవాలని నేను కోరుకోలేదు. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, అది నిజం కూడా. ఒక్క రౌండు నేను లేకుండా అది ఎలా ఆడుతుందో నాన్న చూడాలనిపించింది, అంతే. ఒక్క రౌండే కదా, రెండో విరామంలో చెప్పేస్తాను, మూడో రౌండులో అది గెలుస్తుంది, అప్పుడు ఎవరివల్ల గెలిచిందో తెలుస్తుంది అనుకున్నాను. పద్నాలుగేళ్ల బుర్రకు అది చాలా న్యాయమైన లెక్కలా తోచింది.

రెండో రౌండులో లహరి ప్రాణం పెట్టి ఆడింది. తల కిందికి వంచి దూసుకెళ్లి నడుము పైన మూడు మంచి దెబ్బలు కొట్టింది, కానీ లోపలికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ ఒకటి తిన్నది. నా పుస్తకంలో అటూ ఇటూ సమానంగా ఉంది. గంట మోగగానే టోనీ అడగకముందే నేను తాళ్ల దాకా వంగి, “రెండోసారి గుద్దాక చేయి కిందికి జారుతోంది, అప్పుడు కుడిచేయి” అని చెప్పాను. టోనీ ఒక క్షణం నన్ను చూసి, అదే మాట లహరి చెవిలో వేశాడు.

మూడో రౌండు చూసినవాళ్లకు అది వేరే పిల్లలా కనిపించి ఉంటుంది. మొదటి గుద్దుకు ఆగింది, రెండోదాన్ని తప్పించింది, కుడిచేయి వదిలింది. ఆ పొడుగు పిల్ల తల వెనక్కి వెళ్లింది. మళ్లీ అదే, మళ్లీ అదే. నాలుగోసారికి రిఫరీ ఆట ఆపి, ఆ పిల్ల తేరుకోవడానికి ఎనిమిది అంకెలు లెక్కపెట్టాడు. నాన్న కుర్చీలోంచి లేచిపోయి, ఏ భాషో తెలియని కేకలు వేశాడు.

అయిదుగురు జడ్జీలూ మూడో రౌండు లహరికే ఇచ్చారు. మొదటి రౌండు అయిదుగురూ ఆ పిల్లకు ఇచ్చారు. రెండోది ముగ్గురు ఆ పిల్లకు, ఇద్దరు లహరికి. రిఫరీ ఎత్తిన చేయి లహరిది కాదు. ఒక్క జడ్జీ తేడాతో, ఒక్క రౌండు తేడాతో పోయింది. ఆ రౌండు ఏదో, ఎలా పోయిందో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

కారు పార్కింగులో టోనీ నా నెత్తి మీద చేయి వేసి నాన్నతో, మూడో రౌండు గెలిపించింది ఈ పిల్లే, దీని కళ్లు నా కళ్లకన్నా మంచివి అన్నాడు. నాన్న నన్ను దగ్గరికి తీసుకుని, “నువ్వెట్ల జూసినవ్ బిడ్డా? నాకైతే ఏం సమజ్ కాలే” అన్నాడు. రెండేళ్లుగా నేను కోరుకున్న మాట అదే. సాయంత్రం బతుకమ్మ దగ్గర నాన్న అంకుల్స్ అందరికీ అదే చెప్పాడు. ఆంటీలు మొదటిసారి నా పేరు అడిగి తెలుసుకున్నారు. లహరి ఓడిపోయినా ఆకలి మీద సత్తు ముద్దలు వరసగా తింటోంది, పెదవి వాచిన పక్క నమలకుండా. నా చేతిలోని ముద్ద నేను తినలేకపోయాను.

తర్వాతి ఆదివారం పెరట్లో గొడుగులా గుండ్రంగా తిరిగే బట్టల దండెం మీద ఇద్దరం దాని చేతిపట్టీలు ఆరేస్తున్నాం. నేను తల ఎత్తకుండానే చెప్పేశాను. అది క్లిప్పు పట్టుకుని ఆగింది.

“ఫస్ట్ బ్రేక్‌లోనే తెలుసా?” అంది.

“తెలుసు.”

అది ఆ పట్టీకి క్లిప్పు పెట్టి, ఇంకో పట్టీ తీసి, దాన్ని చాలాసేపు దులిపింది. “ఓకే,” అంది. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి, “డోంట్ టెల్ డాడ్. హీ వాజ్ సో హ్యాపీ విత్ యూ,” అంది.

పన్నెండేళ్ల పిల్ల. తిట్టి ఉంటే, చేతికి అందింది విసిరి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్లే పుట్టింది. అది కూడా దానికే వచ్చిందే అనుకున్నాను.

మరుసటి ఏడాది లహరి ఆ టైటిల్ గెలిచింది. నేను మొదటి వరుసలోనే ఉన్నాను, టోనీ ఎప్పటిలాగే “అక్క, ఎనీథింగ్?” అన్నాడు, నేను చూసినదంతా, చూశానో లేదో అనుమానంగా ఉన్నది కూడా, గబగబా చెప్పాను. అది టోనీ ముఖం చూస్తూ తలూపింది. భుజం మీదుగా నావైపు మాత్రం చూడలేదు. ఆ తర్వాత అది ఆడిన ఏ ఆటలోనూ చూడలేదు.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు, టైర్ల దుకాణంతో కలిపి పడగొట్టి వరసగా టౌన్‌హౌస్‌లు కట్టారు. టోనీ క్వీన్స్‌లాండ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మా వీధి చివర పిల్లలెవరూ ఆడడం లేదు, అక్కడ కార్లు నిలబెడుతున్నారు. లహరి పద్దెనిమిదేళ్లకు బాక్సింగ్ మానేసి, ఫిజియోథెరపీ చదివి, మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్ వైపు స్థిరపడింది. నాన్న మాత్రం ఇంటికి ఎవరొచ్చినా ఆ మూడో రౌండు కథ చెప్తూనే ఉంటాడు. పోయిన నెల లహరి వచ్చినప్పుడు కూడా, భోజనాల బల్ల దగ్గర కొత్తగా వచ్చిన అంకుల్‌కు మొదలుపెట్టాడు. ఎప్పుడూ వినీ విననట్టు ఉండే లహరి ఈసారి పప్పు గిన్నె ఇటు జరుపుతూ, వచ్చీరాని తెలుగులో, “అక్క ముందే చూసింది నాన్నా,” అంది.

“అవ్ మరి, దాని కండ్లు గట్లాంటియి,” అన్నాడు నాన్న సంతోషంగా.

నేను తలెత్తి లహరి వైపు చూశాను. అది అన్నం కలుపుకుంటోంది.