ఏంజెల్ చేపను ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి

కరోనాకు ముందటి ఏడాది వానాకాలంలో నాకు ఉప్పల్, నాచారం ప్రాంతాల బాధ్యత అప్పగించారు. నేను పనిచేసింది రంగు చేపలు పెంచేవాళ్ల సహకార సమాఖ్య ఒకదానిలో. దాని పేరు ఇక్కడ అనవసరం. నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. వినడానికి బరువుగానే ఉంటుంది గానీ చేసేది తొట్లలో చేతులు పెట్టే పనే. మేడల మీదా షెడ్లలోనూ అక్వేరియం చేపలు పెంచే సభ్యుల దగ్గరికి వెళ్లాలి, నీళ్లు చూడాలి, తల్లి చేపలు పిల్లలు తీయడానికి పనికొస్తాయో లేదో రాయాలి. నా పైనున్న డిప్యూటీ మేనేజర్ దాన్ని ఖాయం చేస్తే సభ్యులకు గుర్తింపు వస్తుంది. గుర్తింపు ఉంటేనే సమాఖ్య దుకాణాలు వాళ్ల చేపపిల్లల్ని తీసుకుంటాయి. ‘పనికిరావు’ అని రాస్తే మాత్రం ఆ తల్లి చేపల్ని తొట్టిలోంచి తీసేయాలి, లేదంటే సభ్యత్వం పోతుంది. తీసేయడమంటే ఏమిటో నిబంధనల్లో ఎక్కడా రాయలేదు. చంపడమే.

ఏంజెల్ చేప పలుచగా, నిలువుగా, గాలిపటంలా ఉంటుంది. ఉప్పల్ రింగు రోడ్డు వైపు దుకాణాల్లో రూపాయి బిళ్లంత పిల్లను కవర్లో నీళ్లు పోసి ఇచ్చి, “ఇది గింతే ఉంటది, గాజు గిన్నెల ఏసుకోండ్రి” అని అమ్ముతారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది అంతే ఉండదు. లోతైన తొట్టి, మంచి తిండి ఉంటే ఏడాది తిరిగేసరికి మూతి నుంచి తోక కొస దాకా ఆరంగుళాల దరిదాపుకు వస్తుంది. పై రెక్క కొన నుంచి కింది రెక్క కొన దాకా నిలువు చూస్తే ఎనిమిది అంగుళాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పొడవు కన్నా ఎత్తు ఎక్కువున్న చేప అన్నమాట. ఆ తర్వాత పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. గిన్నెలో పెట్టినది మాత్రం గిడసబారుతుంది. ఒళ్లు ఎదగదు, కన్ను ఒక్కటే పెద్దగా కనబడుతుంది, రెక్కలు వంకర తిరుగుతాయి. కొన్నవాళ్లు పాపం దాని రూపమే అంత అనుకుంటారు.

మా సభ్యుల్లో ఒకరైన స్వరూపది నాచారం పాత ఊరు. అత్తగారి వాళ్లు ఒకప్పుడు వ్యవసాయం చేసినవాళ్లు. భూములు కాలనీలయ్యాక ఆమె భర్త యాదగిరి దగ్గర్లోని పారిశ్రామికవాడలో మెషీన్ ఆపరేటర్‌గా చేరాడు. ఈమె మేడ మీద రేకుల షెడ్డు వేయించి ఏంజెల్ చేపలు మొదలుపెట్టింది. పిల్లలు తీసిన ప్రతిసారీ చారలు తిన్నగా, రెక్కలు నిటారుగా ఉన్న పిల్లల్ని ఏరి పెంచుకుంటూ వచ్చింది. ఈ చేపల్లో జంటను మనం కలపలేం. ఒక తొట్టిలో కొన్నిటిని పెంచితే వాటిలో అవే జోడీ కడతాయి, మిగతావాటిని పొడిచి తరిమి ఒక మూల ఆక్రమించుకుంటాయి. అప్పుడు ఆ జంటను వేరే తొట్టిలోకి మార్చాలి. అలా ఏళ్ల తరబడి ఎంచుకున్న జోళ్లు ఆమె దగ్గర అరడజనుకు పైగా ఉండేవి. అంత శుభ్రమైన చేపల్ని నా సర్వీసులో నేను చాలా తక్కువ చోట్ల చూశాను.

తనిఖీకి నాతోపాటు డిప్యూటీ మేనేజర్ ప్రభాకర్ గారు వచ్చారు. ఆయన తినే చేపల విభాగం నుంచి మా సమాఖ్యకు మారి వచ్చినవారు. రోహు, కట్ల కొలవడంలో చెయ్యి తిరిగిన మనిషి, అది నేను కాదనను. ఆ చేపల్ని కొలవడానికి ఒక చెక్క పలక ఉంటుంది, ఒక చివర అడ్డంగా చిన్న చెక్క కొట్టి ఉంటుంది. చేపను పలక మీద పక్కకు పడుకోబెట్టి, మూతిని అడ్డానికి ఆనించి, గీతలు చదువుతారు. ఆయన ఆ పలకనే సంచిలో పెట్టుకుని స్వరూప మేడెక్కారు.

మొదటి తొట్టిలో జంట ఒకటి కడప బండ ముక్క మీద గుడ్లు పెట్టి కాపలా కాస్తోంది. ఈ చేపలు గుడ్లకు రెక్కలతో గాలి విసురుతున్నట్టు నీళ్లు ఆడిస్తుంటాయి, పాడైన గుడ్డును నోటితో ఏరేస్తాయి. ఆ జంట జోలికి వెళ్లొద్దని చెప్పాను. ప్రభాకర్ గారు వల పెట్టి అందులో మగదాన్నే తీశారు. పలక మీద పడుకోబెట్టేసరికి దాని రెక్కలు ముడుచుకుపోయాయి, తోక చెక్కకు అతుక్కుంది. ఆయన అలవాటు ప్రకారం తోక మొదలు దాకా చదివి మూడంగుళాలు అన్నారు. తోకను లెక్కలోకే తీసుకోలేదు. అన్ని జోళ్లదీ అదే తీరు. మా నిబంధనల్లో ‘ఎదిగిన చేప ఆరంగుళాలకు తగ్గరాదు’ అని ఉంది. అందుకని ఇవన్నీ గిడసబారిన చేపలు, తీసేయాలి అని అక్కడే తేల్చేశారు. సాయంత్రానికి ఆ జంట తన గుడ్లను తానే తినేసింది. బెదిరిన ఏంజెల్ చేపలు ఆ పనే చేస్తాయి.

మెట్లు దిగుతూ నేను ఆయనతో గట్టిగానే వాదించాను. ఆ ఆరంగుళాల లెక్క మా నిబంధనలు తయారుచేసిన పెద్దమనిషి ఏదో పుస్తకంలో చూసి దింపింది. అది మూతి నుంచి తోక కొస దాకా ఉన్న పొడవు. మనం చదివింది తోక మొదలు దాకా. పైగా ఎత్తును అసలు కొలవనేలేదు. గిడసబారిన చేపకు కన్ను ఒంటికి మించి ఉంటుందని, ఇక్కడ ఒక్కదానికీ అలా లేదని కూడా చెప్పాను. ప్రభాకర్ గారు విన్నారు. విని, “ఎక్కడి నుంచి ఎక్కడికో నిబంధనలో రాయలేదుగా. రాయనప్పుడు మా పాత పద్ధతే పద్ధతి” అన్నారు. రాయనిదాన్ని అడ్డం పెట్టుకుని బతికున్న చేపల్ని చంపమనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

సభ్యులు కోరితే రెండోసారి కొలవాలని నియమం ఉంది. స్వరూప చేత కోరించాను. నెల తర్వాత నేనొక్కణ్ణే వెళ్లాను. అప్పటికే యాదగిరి తన వంతు ఉపాయం చేసి ఉన్నాడు. తొట్టి వెనక అద్దానికి కొలత టేపు అంటించి, చేప ముందు అద్దం దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్లో ఫోటో తీశాడు. ఆ ఫోటోలో చేప పొడవే ఎనిమిది అంగుళాలు కనబడుతోంది. వెనకున్న టేపు దూరమై చిన్నదవుతుంది, ముందున్న చేప దగ్గరై పెద్దదవుతుంది, అంతే సంగతి. దుకాణాలవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టే ఫోటోలన్నీ ఇలాంటివే. నేను దాన్ని పక్కన పెట్టమన్నాను. “మనకు పనికొస్తది గద సార్” అన్నాడతను. మనకు పనికొచ్చినా తప్పు కొలత తప్పు కొలతేనని కాస్త విసుగ్గానే చెప్పాను.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. సన్నటి గాజు పెట్టె ఒకటి కావాలి, దాని వెనక గోడకు లోపలివైపు గీతలుండాలి. చేపను వలతో కాకుండా గిన్నెతో నీళ్లతో సహా ముంచి అందులోకి వదలాలి. ముందువైపు నుంచి ఇంకో అద్దం పలకను మెల్లగా జరుపుతూ, చేప వెనక గోడకు దగ్గరగా నిలబడేటట్టు చేయాలి. ఒత్తకూడదు. అది కుదుటపడి రెక్కలు విప్పేదాకా ఆగాలి. అప్పుడు మన కంటిని చేప ఉన్న ఎత్తుకు సరిగ్గా పెట్టి, కాస్త దూరం నుంచి చదవాలి. మూతి నుంచి తోక మొదలు దాకా ఒకటి, తోక కొస దాకా ఒకటి, పై రెక్క కొన నుంచి కింది రెక్క కొన దాకా ఒకటి, మూడు కొలతలూ వేరువేరుగా రాయాలి. పొట్ట కింద దారాల్లా వేలాడేవాటిని లెక్కపెట్టకూడదు. రెక్కల కొసలు విరిగి ఉంటే విరిగాయని రాయాలి. అలా కొలిస్తే స్వరూప చేపలన్నీ తోక కొస దాకా ఆరంగుళాలు దాటాయి. ఎత్తు ఎనిమిదికి పైనే.

నేను సంతోషంగా ఆఫీసుకు వెళ్లాను. ప్రభాకర్ గారు నా రిపోర్టూ, గాజు పెట్టెలో చేపలకు నేను తీసిన ఫోటోలూ చూసి, బాగున్నాయన్నారు. గుర్తింపు ఇచ్చేద్దామన్నారు. తర్వాత రిపోర్టులో నా మొదటి వాక్యం మీద వేలు పెట్టారు. ‘మొదటిసారి తప్పుగా కొలిచాం’ అని రాశాను నేను. “ఇది తీసేయండి. మొదటి తనిఖీలో మూడు, ఇప్పుడు ఆరు. మధ్యలో పెరిగాయని రాయండి. చేపలు పెరుగుతాయి కదా” అన్నారు. రెండు మూడేళ్ల వయసున్న ఏంజెల్ చేపలు నెలలో ఇంతకింత అయ్యాయని నేను సంతకం పెట్టాలి. ఆయన మొహంలో సిగ్గు ఛాయలు కూడా లేవు. అలా రాయనని చెప్పి బయటికొచ్చాను.

విషయం స్వరూపకు చెప్పక తప్పలేదు. ఆమె తొట్టిలో చెత్త తీస్తూ విన్నది. “రాయుండ్రి సార్. రాస్తే నాకేం పోతది? నా చేపలు బతుకుతయ్” అంది. అలా రాస్తే ఆ పలక అలాగే ఉంటుందని, రేపు అదే పలక ఇంకొకరి తొట్టి దగ్గరికి వస్తుందని చెప్పాను. ఆమె చెయ్యి తుడుచుకుని నా వైపు తిరిగింది. “ఇంకొకరి సంగతి నాకెందుకు సార్? మీరు నిజం రాసి ఇంటికి పోతరు. నేను వీటిని ఏడ పారబొయ్యాలె?” అని అడిగింది. ఆమె మీద కోపం రాలేదు. ఆమెను అలా అడిగే స్థితికి తెచ్చిన మనిషి మీద వచ్చింది.

నేను నా వాక్యం మార్చలేదు. ప్రభాకర్ గారు నా రిపోర్టు పక్కన పెట్టి, తానే ఇంకొకటి రాసుకుని సంతకం చేశారు. చేపలు పెరిగాయన్నారు, గుర్తింపు ఇచ్చారు. స్వరూప జోళ్లు బతికాయి, మళ్లీ గుడ్లు పెట్టాయి. అందుకు నేను సంతోషించాను, ఆ సంతోషం దొంగది కాదు. కానీ కొన్నాళ్లకు సమాఖ్య సభ్యులందరికీ ఒక కరపత్రం పంచింది. మంచి మేత వేస్తే ఎదిగిన ఏంజెల్ చేపలు కూడా నెలలో మూడంగుళాలు పెరిగినట్టు మా తనిఖీలో తేలిందని, పెరగకపోతే గిడసబారినట్టేనని అందులో ఉంది. ఆ అబద్ధం అచ్చులో శాస్త్రమై కూర్చుంది. అది చదివి నేను జనరల్ మేనేజర్ గారి గదికి వెళ్లి నానా మాటలూ అన్నాను. ఆయన కాఫీ తెప్పించారు. కరపత్రం మాత్రం ఆపలేదు.

నేను రిటైరయ్యాక ఒక ఎండాకాలం స్వరూప ఫోన్ చేసింది. నాగారంలో ఉండే వాళ్ల ఆడబిడ్డ కూడా చేపలు పెంచుతోందట, స్వరూప ఇచ్చిన చేపపిల్లల్నే పెంచి జోళ్లు కట్టించిందట. సమాఖ్య మనుషులు పలకతో వచ్చి కొలిచారు, నెలాగి మళ్లీ వచ్చి కొలిచారు. పెరగలేదు కాబట్టి పనికిరావన్నారు. తోక కొస దాకా మళ్లీ కొలవమని అడగొచ్చని ఆమెకు తెలియదు. సభ్యత్వం పోతుందన్న భయంతో అన్నీ తీసేసింది. “మీరు అప్పుడు ఇంకొకరు అన్నరు గద సార్. గా ఇంకొకరు మా ఇంట్లనే ఉన్నది” అని స్వరూప ఫోన్లోనే ఏడ్చింది.

వెళ్లాను. షెడ్డులో తొట్లు బోర్లించి ఉన్నాయి. ఆ ఆడబిడ్డ ఒక చేపను మాత్రం పారేయలేక ఫ్రిజ్‌లో పెట్టింది. దాన్ని తెచ్చి నా ముందుంచి, ఏం రోగమో చెప్పమంది. నేను తడి గుడ్డ మీద రెక్కలు విప్పి కొలిచాను. తోక కొస దాకా ఆరంగుళాల పైచిలుకు ఉంది. కన్ను ఒంటికి తగినట్టే ఉంది. రోగం ఏమీ లేదమ్మా, మంచి చేపే అన్నాను.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇదీ. కొలత రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టామో, ఎక్కడ ఆపామో రాయాలి. తప్పుగా కొలిస్తే తప్పుగా కొలిచామని రాయాలి. చేప పెరిగిందని రాయకూడదు.