చావని గడ్డి

విషం మా గేటు దాటి లోపలికి రాకూడదని చట్టం చేసింది నేనే. మా ఆయన మందు కొట్టే కూలికి పోతాడు. సదుం, సోమల చుట్టుపక్కల ఏ చేలో కలుపు పెరిగినా, పురుగు పడినా ఫోను ఆయనకే వస్తుంది. పొద్దున ట్యాంకు వీపున తగిలించుకుని పోతే ఎండ చల్లబడ్డాక తిరిగొస్తాడు. ఆ ట్యాంకు మూత దగ్గర కారుతుంది, ఎన్నిసార్లు వాషర్ మార్చినా అంతే. ఇంటికొచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంటుంది. అందుకే ట్యాంకు గేటు బయట, చొక్కా గేటు బయట, ఆయన స్నానం కూడా బయటి కొళాయి దగ్గరే.

"నన్ను గూడా ఈడనే ఉతికి ఆరేస్తావా ఏమ్మే?" అని ఎగతాళి చేసేవాడు.

"ఆరేసినా ఆ కంపు పోయేట్టు లేదులే" అనేదాన్ని.

గేటు లోపల మాత్రం నా రాజ్యం. ఇంటి వెనక ఉన్న కాస్త దొడ్డిలో వంకాయ, టమోటా, బెండ, ఆకుకూరలు, ఒక వరస ఎర్రగడ్డలు, అదే ఉల్లి, అంచుల వెంబడి మొక్కజొన్న వేసుకున్నాను. పందిరి మీది అనప చిక్కుడు తీగ మా అమ్మ ఇచ్చిన విత్తనం, కుప్పం నుంచి చీర కొంగున కట్టుకుని తెచ్చుకున్నది. ఎరువు కోసం ఒక నాటావు. చెంబుడు పాలు కూడా ఇవ్వదు కానీ పొగరు మాత్రం బండెడు. దాని పేడ, పంచితం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను డ్రమ్ములో కలిపి పులియబెడితే జీవామృతం. పక్షానికోసారి మొదలు మొదలుకూ మగ్గుతో పోయడమే నా వ్యవసాయం.

శనివారం కాయలు బుట్టల్లో సర్దుకుని బస్సెక్కి మదనపల్లె పోయేదాన్ని. ఊరూరికీ టమోటాలు పంపే మదనపల్లెకు టమోటాలు అమ్మబోయే మనిషిని నేనొక్కదాన్నేనేమో. ఒక కాలనీలో కొన్ని ఇళ్ళు నాకు ఖాయం. అక్కడ ఒక రిటైరైన టీచరమ్మ వంకాయను తిప్పి తిప్పి చూసి, బెజ్జం కనపడితే కానీ బుట్టలో వేసుకునేది కాదు. పురుగు తిన్నదంటే మందు కొట్టలేదని ఆమె లెక్క. మందు కొట్టే మనిషి పెళ్ళాన్ని నేను, పురుగు ముట్టిన కాయను సర్టిఫికెట్‌లాగా చూపించి అమ్ముకునేదాన్ని.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేకపోయాడు. వేళ్ళు వణికాయి. సంగటి ముద్ద జారి పళ్ళెంలో పడింది. మా పాప నవ్వింది, ఆయనా నవ్వాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ట్యాంకు దించెయ్యమన్నాను.

"దించితే కుండ ఎట్ల ఉడుకుతాది? నీ దొడ్డి ఇల్లు నడిపే దినం రానీ, ఆ పొద్దే దించేస్తా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను మళ్ళు పెంచుకుంటూ పోయాను. బట్టలుతికే చోటు పోయింది, ముగ్గు వేసే చోటు కూడా పోయింది. నిరుటి వానాకాలానికి బస్సులో రెండు బుట్టలు చాలక మూడోది మోశాను. ఇంకొక్క కాపు ఇట్లాగే నిలబడితే దించేస్తానని ఆయనే తన నోటితో అన్నాడు.

ఆ కాపు మధ్యలో, ఒక పొద్దున దొడ్డిలోకి పోయి అట్లాగే నిలబడిపోయాను. టమోటా కొమ్మలు పిండిన గుడ్డల్లా మెలిదిరిగి ఉన్నాయి. వంకాయ ఆకులు గిన్నెల్లా ముడుచుకున్నాయి. అనప తీగ కొనలు దారాల్లా సన్నబడి కిందికి వాలిపోయాయి. ముందు రోజు కూడా వాటి మధ్యనే తిరిగాను. కొంచెం వాడినట్టుంటే ఎండకనుకున్నాను. ఆకులు తిప్పి చూస్తే ఒక్క పురుగు లేదు. 

అమ్మకు ఫోను చేస్తే దిష్టి అంది. పందిరికి పాత చెప్పు కట్టమంది. నమ్మకం లేకపోయినా కట్టాను, పోయేదేముందని. అసలు వైద్యం నాకు తెలుసనుకున్నాను కదా. ప్రకృతి సేద్యం నేర్పను ఊరికొచ్చి మాకు శిక్షణ ఇచ్చినవాళ్ళు ఏ జబ్బుకైనా జీవామృతమే అన్నారు. పక్షానికోసారి పోసేదాన్ని రోజు విడిచి రోజు పోశాను. చంటిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు ఒక్కో మొదలుకూ వంగి వంగి పోశాను. పోసేకొద్దీ చెట్లు ఇంకా ముడుచుకున్నాయి. డ్రమ్ము పక్కనున్న మడి అన్నిటికంటే ముందు చచ్చింది. అదేం విచిత్రమో నాకు అర్థం కాలేదు.

చివరికి ఒక టమోటా కొమ్మ విరిచి సంచిలో పెట్టుకుని పుంగనూరు పోయాను. మా ఆయనకు మందులమ్మే అంగడి అక్కడే ఉంది. దాని మెట్లెక్కకూడదని ఇన్నాళ్ళు పంతం పట్టినదాన్ని, ఆ రోజు ఎక్కాను. అంగడి భాయ్ కొమ్మను వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఇది తెగులు కాదమ్మా. కలుపు మందు. ఇదో, ఈడ అమ్మేదే" అని వెనక బీరువా చూపించాడు.

నాకు మండిపోయింది. "మీ మందు మా గడప తొక్కలేదు భాయ్. నేను ఆవు పంచితం తప్ప ఇంకేం పొయ్యను."

"కోపం యాలమ్మా? మీ దొడ్లో మొక్కజొన్న ఉండాదా?"

"ఉండాది. అది బాగనే ఉండాది."

"ఎర్రగడ్డలు?"

"అవీ బాగుండాయి."

"అదే మల్ల. ఈ మందు గడ్డి జాతిని, సన్నాకు పైర్లని ఏం సెయ్యదు. వెడల్పాకు వాట్నే మెలిపెట్టి సంపుతాది. ఎట్ల వచ్చిందో నాకు తెల్దు గానీ, వచ్చిండాది."

బస్సులో ఊరొచ్చేదాకా నాకు ఒకటే ఆలోచన. ఇల్లు ఊరి నడిమధ్య ఉంది, పక్కన చేలు లేవు. ఎవరైనా కక్షతో కొట్టి ఉంటారా అని ఒక్కొక్కరి ముఖం తలచుకున్నాను. పాపం, ఏ పాపమూ ఎరగని పక్కింటామెను కూడా మనసులో తిట్టేశాను.

ఇల్లు చేరి గేటు దగ్గర నిలబడ్డానో లేదో మా ఆయన మోపెడ్ వచ్చింది. ట్యాంకు దించి ఎప్పటిలాగే బయట పెట్టాడు. చొక్కా విప్పి బయట వేశాడు. వెనక కట్టిన పచ్చి గడ్డిమోపును మాత్రం విప్పి భుజానికెత్తుకుని నా పక్కనుంచి నేరుగా లోపలికి నడిచాడు. రోజూ చూసే మోపే అయినా, ఆ పొద్దు అది దాటుతుంటే వాసన తగిలింది. అది నేను ఏళ్ళ తరబడి గేటు బయట ఆపిన చొక్కా వాసన.

"యాడిదా గడ్డి?" అన్నాను. 

"మందు కొట్టిన సేలోదే. మొక్కజొన్న సాళ్ళలో మోకాలెత్తుండాది. మేత కొనే పని లేకుండా రెండు నెల్లుగా ఇదే తెస్తాండా గదా" అన్నాడు, పొదుపు చేసినవాడి సంతోషంతో.

"మందు కొట్టిన గడ్డి ఆవుకేస్తావా?"

"ఈ మందుకి గడ్డి సావదు మే. సావని గడ్డిలో విషం యాడుంటాది?"

 ఆయన మాటలో తప్పు ఎక్కడుందో వెతికితే వెంటనే దొరకలేదు. అప్పటికప్పుడు అంగడి భాయ్‌కి ఫోను చేసి, ఆ గడ్డి తిన్న ఆవు పేడలోకి మందు వస్తుందా అని అడిగాను. 

"వస్తాదమ్మా. ఆవు తింటే పేడలో, ఉచ్చలో దిగుతాది. ఇంతవరకు నన్నెవరూ ఈ మాట అడగలే" అన్నాడు.

గడ్డిలోంచి ఆవులోకి, ఆవులోంచి డ్రమ్ములోకి, డ్రమ్ములోంచి మగ్గుతో నా చేతుల మీదుగా ప్రతి చెట్టు మొదట్లోకీ. మందనుకుని నేనే పోశాను, చాలడం లేదని ఇంకా పోశాను. ఆ పొద్దున పాపకు పెట్టిన పాలగ్లాసు గుర్తొచ్చి, గిన్నెలో మిగిలిన పాలు పారబోశాను. ఆ పూట నేను ఆయన్ను తిట్టలేదు. నేను తిట్టకపోవడం చూసి ఆయన భయపడ్డాడు.

శనివారం ఖాళీ బుట్టతో మదనపల్లె పోయి ప్రతి ఇంట్లోనూ జరిగింది చెప్పాను. టీచరమ్మ నమ్మలేదు. "బెజ్జాలుండేవి కదమ్మా కాయలకు? విషముంటే పురుగెట్లా తింటుంది?" అంది. సరిగ్గా మా ఆయన తర్కమే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి అంతా బాగయ్యాక కనపడమని చెప్పి మెల్లగా తలుపు వేసుకుంది. ఆమెను తప్పుపట్టలేదు, కానీ ఆ తలుపు చప్పుడు చాలా దూరం నా వెంట వచ్చింది.

ఆవుకు మేత మార్చాను. దాని పేడ ఎప్పటికి మంచిదవుతుందో తెలుసుకునే ఉపాయం అంగడి భాయే చెప్పాడు: కుండీలో ఆ పేడ కలిపి అనపగింజ పెట్టు, ఆకు చక్కగా వస్తే వాడుకో, మెలిపడితే ఆగు. అమ్మ ఇచ్చిన గింజలే రెండు కుండీల్లో పెట్టాను. ఒకదాంట్లో ఉత్త మన్ను, ఇంకొకదాంట్లో పేడ కలిపిన మన్ను. మొదటి దాంట్లో మొలక చక్కగా లేచింది. రెండో దాంట్లో తల వంచుకుని మెలిపడింది. అనుకున్నదే కాబట్టి నాకు కొత్తగా దిగులు పుట్టలేదు.

అప్పుడు చూశాను, గేటు బయట ట్యాంకు పక్కన ఇంకో కుండీ ఉంది. అది నేను పెట్టింది కాదు. అందులోనూ అనప మొలకే. అదీ మెలిదిరిగే ఉంది.

"దీంట్లో ఏ పేడ ఏసినావు?" అని ఆయన్ను అడిగాను.

"పేడ ఎయ్యలే. ఉత్త మన్నే."

"మరి యాల ఇట్లుండాది?"

ఆయన కొళాయి వైపు చూస్తూ చెప్పాడు. "నా ఉచ్చ నీళ్ళల్లో కలిపి పోస్తాండా. ఆవుది సూస్తివి గదా, నాదీ సూద్దామని."

నేను కుండీ ముందు కూర్చుండిపోయాను. ఉచ్చలో ఉప్పు ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి, అది నాకు తెలుసు. అంచులు మాడాయేమోనని ఆశగా వెతికాను. మాడలేదు. లేత పచ్చగానే ఉండి, పిండిన గుడ్డలా మెలిపడి ఉంది. ఆవన్నా ఆ గడ్డి తిన్నది. ఈయన వీపున మోశాడు, అంతే. చట్టం పెట్టి చొక్కాను బయట ఆపాను, ట్యాంకును బయట ఆపాను, రోజూ మనిషిని మాత్రం లోపలికి పిలిచి అన్నం పెట్టాను.

అంతలో ఆయన ఫోను మోగింది. ఎవరో రైతు, కలుపు మందు కొట్టాలని. ఆయన ఫోను చేతిలో పట్టుకుని నా ముఖం చూశాడు. నేనే లాక్కుని మాట్లాడాను.

"ఆయన రాడప్పా. ఇంగ రాడు" అని పెట్టేశాను.

దొడ్డిలో అమ్ముకోవడానికి ఆ రోజు ఒక్క వంకాయ కూడా లేదు.