ఓర్విల్ చదివే బాతు బొమ్మలు

ఓర్విల్ టాకెట్‌కి పేపర్లో వచ్చే కార్టూన్ కథలను మనసులో చదువుకోవడం చేతకాదు. పొద్దున్న ఏడింటికి తన చిట్టి ఇంటి కిటికీ తెరిచి, కొండ అవతలివాళ్ళకి కబురు చెబుతున్నట్టు చదువుతాడు.

"మొదటి గడిలో బాతు. రెండో గడిలో అదే బాతు, కోపంగా. మూడో గడిలో బాతు లేదు, ఈకలున్నాయి."

మా బ్లూ రిడ్జ్ కొండల కాలనీలో ఇళ్ళన్నీ చక్రాల మీదివే. ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంట్లో దీవిస్తారు. మా పాప నెల్‌కి ఏడు నెలలు. సరిగ్గా ఏడింటికే కాస్త కన్నంటుకునేది. నేను చదివింది కెమిస్ట్రీ. భయం వేస్తే కొలతలు తీస్తాను.

"పెద్దాయనా, కాస్త మెల్లగా చదవకూడదా?" అని అడిగాను.

"మెల్లగా చదివితే బాతుకి కోపం ఎలా వస్తుంది, సైంటిస్టూ?"

మూడు వారాలు ఫోనులో చప్పుడు కొలిచి, గ్రాఫు గీసి, ఓర్విల్ ఇంటిని కాలనీ చివరికి ఈడ్పించమని కమిటీకి అర్జీ పెట్టాను.

అప్పుడే మార్గో అనే అమ్మాయి డాక్యుమెంటరీ తీయడానికి వచ్చింది. చిట్టి ఇళ్ళలో ఉంటూ పేపరు కార్టూన్లు దాచుకునేవాళ్ళ గురించట. ఓర్విల్ మంచం ఎక్కాలంటే రెండు దశాబ్దాల కార్టూన్లు పక్కకి జరపాలి. నేనూ కెమెరా ముందు గ్రాఫు పట్టుకుని నిలబడి, "ఇంత స్వార్థపరుణ్ణి చూడలేదు" అన్నాను.

కమిటీ కూర్చునే రోజు పొద్దున్న మార్గో తీసినదంతా నాకు చూపించింది. ఓర్విల్ చదువుతున్నాడు. అతని కిటికీకి నాలుగడుగుల అవతల, ఎదురింటి ఐడా తన కిటికీలో కూర్చుని నవ్వుతోంది. ఆమె చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

ఓర్విల్ దగ్గరికి పరుగెత్తాను.

"ఐడాకి చూపు పోయి ఏడాదైంది," అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒంటరిగా ఉండనివ్వరని భయం. పొయ్యీ అదీ నేను చూస్తున్నాలే. జాలిపడి చదువుతున్నానని తెలిస్తే కిటికీ మూసేస్తుంది. అందుకని నాకోసమే చదువుకుంటున్నట్టు చదువుతున్నా."

కళ్ళ ముందున్న బొమ్మని మనిషి తనకు తానే ఎందుకు వర్ణించుకుంటాడు? మూడు వారాల కొలతల్లో ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. తలెత్తలేకపోయాను. మార్గోని బతిమాలి ఐడా కనిపించే ముక్క తీసేయించాను. నా గ్రాఫు ముక్క మాత్రం ఉంచేస్తానంది, నవ్వొస్తుందట.

సాయంత్రం కమిటీ ముందు లేచాను. ఐడా మొదటి వరుసలోనే ఉంది.

"అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. నా లెక్క తప్పింది."

"ఎక్కడ తప్పింది?" అన్నాడు అధ్యక్షుడు.

నిజం చెప్పడానికి లేదు. "ఆ చప్పుడు మా పాపది."

అందరూ నవ్వారు.

"నేను అనుకుంటూనే ఉన్నా," అంది ఐడా. "అబ్బాయ్, రేపు ఏడింటికి పాపని మా ఇంటికి పట్టుకురా. ఆ పెద్దమనిషి గోల ఎలాగూ తప్పదు. మా కిటికీ దగ్గరైతే ముక్కముక్కా వినిపిస్తుంది."

ఓర్విల్ ఎవరి వైపూ చూడకుండా టోపీ సర్దుకున్నాడు.

"వస్తే రండి. నేను మాత్రం ఎవరికోసమూ చదవను."