కటిక అన్న మాట

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఒక ఏడాది, నకరికల్లు దగ్గరున్న మా ఊరి చివరి ఇంట్లోంచి మిట్టమధ్యాహ్నం రోకటి పోటు వినపడేది. ఆ ఇంటాయన రాళ్ల క్వారీలో చనిపోయి నెలలైంది. తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. లోపల మనుషుల్లేరని, రోకలి దానంతటదే లేచి పడుతోందని చెప్పుకొని పిల్లలం అటు వెళ్లడమే మానేశాం.

ఒకరోజు మా నాయనమ్మతో ఆ దారిన వస్తుంటే చప్పుడు మొదలైంది. నేను ఆమె కొంగు పట్టుకుని, పెద్దవాళ్ల నోట విన్న మాటే అన్నాను.

"పోదాం పద నాయనమ్మా, అది కటిక దరిద్రపు కొంప."

ఆమె కదల్లేదు. చెవి ఒగ్గి విన్నది. "రోట్లో గింజుంటే ఇట్టా మోగదే," అంది మెల్లగా.

రోకలి చివరి ఇనుప పొన్ను ఉత్త రాయిని కొడుతోంది.

ఇంటికెళ్లి చాటలో జొన్నలు పోసుకుని, నన్ను వెంటబెట్టుకుని వచ్చి ఆ తలుపు నెట్టింది. లోపల ఆ ఇంటి పిన్ని రోటి ముందు నిలబడి ఉంది. మమ్మల్ని చూసినా చేతులు ఆగలేదు. మూలన నేల మీద ఆమె పసివాడు. వాడి కళ్లు మా వెంటే తిరుగుతున్నాయి, నోట చప్పుడు లేదు. పొయ్యిలో బూడిద లేదు. ఆ ఇంట్లో చీమ కూడా లేదు. నేను అక్కడే కింద కూర్చున్నాను. బయట ఎండ మండిపోతున్నా ఆ నేల చల్లగా తగిలింది.

"మా రోలు పగిలింది అమ్మాయ్. ఇయి దంచిపెట్టు, కూలి కింద సగం ఉంచుకో," అంది నాయనమ్మ. మా రోలు నిక్షేపంగా ఉంది.

పిన్ని చేతులు అప్పుడు ఆగాయి. "చప్పుడు లేకపోతే మాకు కూడు లేదని ఊరికి తెలిసిపోద్ది గదత్తా," అంది.

తిరిగి వస్తూ నాయనమ్మ చెప్పింది. "కటిక నేలంటే చాపైనా పరవంది. కటిక చీకటంటే మిణుగురైనా లేంది. కటికంటే ఇంకేదీ కలవనిదే. మనదీ దరిద్రమే, కానీ అందులో గంజో గోంగూరో కలిసుంటది. ఆ పిల్ల ఇంట్లో చానా రోజుల్నించి ఏదీ కలవలా. తెలవకుండా ఆ మాట అనమాకే."

పొద్దుగూకే వేళకు ఆ ఇంట్లోంచి పసివాడి ఏడుపు వినపడింది. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని అది ఆగేదాకా విన్నది. "ఏడవటానికి ఓపికొచ్చింది," అంది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు సెల్లులో చార్జింగు అయిపోయినా కటిక దరిద్రం అనేస్తారు. నేను వారించను. నా నోట మాత్రం ఆ మాట మళ్లీ రాలేదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వస్తే, నాయనమ్మలాగే ముందు వాళ్లనే ఏదో ఒక సాయం అడుగుతాను.