తులసి కుండ కింద ఇత్తడి పళ్ళెం

తొంభైలలో చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు అక్క కాశీకి పోతూ తన తులసి కుండ నా గుమ్మం ముందు పెట్టింది. చనిపోయిన వాళ్ళమ్మ తన చేత్తో నాటిన తులసి. "నీకన్న భక్తితో ఎవరు చూస్తరమ్మా" అంది. ఎంత పొంగిపోయానో! ఇప్పుడు ఆ పొంగు తలుచుకుంటేనే ముందు సిగ్గేస్తుంది.

చిన్నప్పుడు ఇంట్లో నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి ప్రకారం, రోజూ స్వామికి అభిషేకం చేసిన పాలూ నీళ్ళూ తులసిలో పోసేదాన్ని. అడుగు చిల్లులోంచి వాకిట్లోకి కారితే ఎవరి కాలికైనా తగులుతాయని కింద ఇత్తడి పళ్ళెం పెట్టాను. అందులో నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండేవి. ఆకులు వేలాడాయి. దాహమేమోనని ఇంకో చెంబు పోశాను.

పక్క కిరాణా కొట్టుకు అక్క ఫోన్ చేసింది.

"తులసమ్మ ఎట్లుంది?"

"బాగుందక్కా" అన్నాను. కొట్టులో దేవుడి పటం వైపు చూడలేకపోయాను.

తిరిగొచ్చాక అక్క పళ్ళెం చూసి "ఏందమ్మా, చేపలు పెంచుతున్నవా?" అని నవ్వింది. కుండ వంచగానే ఆ నవ్వు పోయింది. మురిగిన వాసన. నల్లబడ్డ వేళ్ళు పట్టుకుంటే మెత్తగా చిదిగిపోయాయి.

"ఫోన్ల చెప్తే అయిపోతుండె గద. పళ్ళెం తీసెయ్యమంటుంటి."

కొసన పచ్చగా మిగిలిన రెమ్మ ఆమె తుంచబోతుంటే "అక్కా, ఇయ్యాల మంగళవారం" అన్నాను.

"నీళ్ళు పోసి కుళ్ళబెట్టేటప్పుడు వారం చూసినవా?"

పాత మట్టి పారబోసి, కుండ తోమి ఎండబెట్టాం. అశోక్‌నగర్‌లో ఇల్లు కడుతున్న చోట అడిగి తెచ్చిన ఇసుకను ఎర్రమట్టిలో కలిపాం. అడుగున పెంకు ముక్కలు వేసి రెమ్మ నాటి నీడలో పెట్టాం. అది చిగురేసేదాకా అక్క ఎదురుపడితే తలుపు చాటుకు పోయేదాన్ని.

చిగురు చూశాక అక్క కుండను మళ్ళీ నా గుమ్మం ముందే పెట్టింది. "వేలు పెట్టి చూడు. లోపల తడి ఉంటే పొయ్యకు" అంది, అంతే. తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో. ఆ అక్కకు ఏనాటికీ రుణపడే ఉంటాను.

అభిషేకం నీళ్ళు ఆనాటి నుంచి ప్రహరీ పక్కన కొబ్బరిచెట్టు మొదట్లో పోసేదాన్ని. తులసి దగ్గరికి మాత్రం చెంబుతో పోయి, ముందు మట్టిలో వేలు గుచ్చేదాన్ని. చాలాసార్లు నిండు చెంబుతోనే తిరిగొచ్చేదాన్ని.