మూడు సైజుల డబ్బా

మనుషులు డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు లెక్క కన్నా మనసు మాటే ఎక్కువ వింటారని పుస్తకంలో చదివిన కొత్తలో, నాకు లోకమంతా అర్థమైపోయినట్టుండేది. కరోనా రెండో ఏడు అది. ఎంబీఏ క్లాసులన్నీ ఫోనులోనే. సూరత్‌లో, లింబాయత్ సందులోని మా మేనత్త ఇంట్లో కూర్చుని వినేదాన్ని. (మైకు ఆన్ చేస్తే చాలు, పక్కింటి మగ్గాల మోతకు సారు "మీ ఇంట్లోంచి రైలు పోతోందా అమ్మా?" అనేవారు.) అత్త మనవైపు నుంచి వలసొచ్చిన మగ్గాల కార్మికులకు అన్నం, పప్పు డబ్బాలో పెట్టి అమ్మేది. ఎవరికైనా ముప్పై రూపాయలే. కొలత లేదు, మనిషి మొహం చూసి గరిటె వేసేది. "గిట్లయితే ధందా ఎట్ల నడుస్తది అత్తా?" అని నేను తల పట్టుకునేదాన్ని.

ఒకరోజు సారు చెప్పారు, మూడు సైజులు పెట్టాలట. మధ్యది అమ్మడానికి కాదట, పెద్దది చవగ్గా కనబడడానికట. ఆ సాయంత్రమే బోర్డు రాశాను: చిన్నది ముప్పై, మధ్యది యాభై అయిదు, పెద్దది అరవై. "అయిదు రూపాయలకే గింత ఎక్కువనా!" అంటూ అందరూ పెద్దదే పట్టుకుపోయారు. మధ్యది ఒక్కటీ పోలేదు, దానికి నేను పొంగిపోయాను. "నీ సదువు పనికొచ్చింది కోడలా," అని అత్త కూడా మురిసింది.

వారం తిరక్కుండానే, "ఉల్లిగడ్డ కాక వస్తలేడేంది? జర చూసి రా," అంది. (రోజూ ఇంకో ఉల్లిపాయ ముక్క అడిగే పెద్దమనిషికి మేం పెట్టుకున్న పేరది.) పెద్ద డబ్బా ఒకటి పట్టుకుని వెళ్ళాను. మగ్గాల షెడ్డు మెట్ల మీద, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, చాయ్‌లో పావ్ ముంచుకు తింటున్నాడు.

"అన్నానికి వస్తలేవేంది కాకా?"

"ఏం జెయ్యాలె బిడ్డా. ఒక్క షిఫ్టే నడుస్తుంది. అరవైది కొంటే రూము కిరాయికి తక్కువైతది. ముప్పైది అడిగితే ఎనుక లైన్ల ఉన్నోళ్ళు 'చోటా డబ్బా పిల్లలకు కాకా' అని నవ్విండ్రు."

సిగ్గుతో చచ్చిపోయాను. "పైసలొద్దు, ఇది తిను," అన్నాను.

"ముఫత్‌ది నాకొద్దు." జేబులోంచి ముప్పై రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. "దీనికి ఎంతొస్తదో గంతే ఉంచు. బోర్డు మీద నువ్వే రాసినవ్ గద."

ఎంత బతిమాలినా వినలేదు. చివరికి నా చేత్తో నేనే డబ్బాలోంచి మూతలోకి సగం అన్నం తీసేశాను. ఆయన తొంగి చూసి, "ఇంకో ముద్ద తియ్యి, ఎక్కువున్నది," అన్నాడు. తీశాను.

ఆ సాయంత్రమే బోర్డు తుడిచేశాను. అత్త మళ్ళీ ఎప్పటిలా ముప్పైకే, మొహం చూసి గరిటె వేసింది. కాక తర్వాత నాలుగు రోజులు వచ్చాడు, అయిదో రోజు ఊరెళ్ళిపోయాడని తెలిసింది. మూడు డబ్బాల సంగతి పరీక్షలో రాస్తే నాకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఇప్పుడు నా ఉద్యోగం కూడా ధరలు పెట్టడమే. ఆ ఇరవై రెండేళ్ళ మేధావిని తలుచుకుంటే నవ్వొస్తుంది. మూతలోకి తీసిన ఆ అన్నాన్ని ఏం చేశానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాదు. పారేసి ఉండననే అనుకుంటాను.