కోల్‌మన్ బాబాయి రొట్టెలో గుడ్డపేలిక

కోల్‌మన్ టర్లీకి ఉన్నది ఒకటే జబ్బు. పండగ ఏదైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా ఎవరైనా చేసుకుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఐర్లండ్‌లో లీట్రిమ్ జిల్లాలోని ఆ చిన్న ఊరికి పండగలకేం కొదవ లేదు. అందుకని ఆయన ఒళ్ళు చల్లబడగా చూసిన గుర్తు ఎత్నాకు లేదు. ఎత్నా ఆయన అన్న కూతురు.

మార్చిలో సెయింట్ పాట్రిక్ పండగకు మోసీ తన మాంసం కొట్టు అద్దం మీద నాలుగాకుల షామ్రాక్ మొక్క బొమ్మ అంటించాడు. కోల్‌మన్ చేతికర్రతో ఆ అద్దాన్ని టకటకలాడించాడు.

"ఏరా మోసీ, దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసా నీకు? తండ్రి, కొడుకు, పరిశుద్ధాత్మ అని పాట్రిక్ మూడాకులు చూపించి చెప్పాడని కదరా కథ! ఈ నాలుగో ఆకు ఎవరికి? మీ మామగారికా?"

"అదృష్టం కదా అనీ..."

"అదృష్టం కావాలంటే లాటరీ కొనుక్కో! పాట్రిక్ జోలికి రాకు!"

మోసీ ఆ ఆకు కత్తిరించేశాడు. హాలోవీన్ నాటికి పాపం మళ్ళీ దొరికిపోయాడు, గుమ్మంలో గుమ్మడికాయ దీపంతో.

"గుమ్మడికాయా! అది అమెరికా పోయినవాళ్ళు సులువుగా ఉందని పట్టుకున్నదిరా! మన తాతలు టర్నిప్ దుంప తొలిచారు."

"పోయినేడు నేనూ తొలిచాను పెద్దాయనా. మణికట్టు బెణికింది."

"బెణకాలి! మణికట్టు బెణక్కపోతే అదేం హాలోవీన్?"

నిజం చెప్పొద్దూ, ఆయన మాటల్లో తప్పేం లేదు. తప్పల్లా వీధి వీధంతా వినపడేలా చెప్పడమే.

అన్నిటికన్నా ఆయన్ని రెచ్చగొట్టేది కొట్లో కొన్న బ్రాక్. ఎండుద్రాక్ష నానేసి కాల్చే ఆ హాలోవీన్ రొట్టెలో కొట్టువాళ్ళు ఉంగరం ఒక్కటే పెడతారు, దొరికినవాళ్ళకు పెళ్ళవుతుందని. "నాణెం ఏదీ? పేలిక ఏదీ?" అని చిందులు తొక్కి, ఏటా తనే స్వయంగా కాల్చేవాడు. నాణెం దొరికితే సిరి, గుడ్డపేలిక దొరికితే ఆ ఏడంతా దరిద్రం. చిత్రమేమిటంటే ఆ పేలిక ఏటా ఆయన ముక్కలోనే వచ్చేది. బల్ల చుట్టూ అందరూ విరగబడి నవ్వేవారు.

ఈసారి ఎత్నాకు నవ్వు రావడం లేదు. ఉన్నదంతా ఊడ్చి ఊలు దుకాణం పెట్టుకుంది. సోమవారం తెరవాలి. ఇవన్నీ నమ్మనని పైకి అంటుంది గానీ లోపల పీచుపీచుమంటోంది.

"బాబాయ్, ఈ ఒక్క ఏడూ పేలిక మానెయ్యకూడదూ?"

"మానెయ్యాలా! పేలిక లేకపోతే అది బ్రాక్ కాదు, బన్ను! నీ దుకాణం కోసం తాతముత్తాతల ఆచారం మార్చమంటావా?"

ఎత్నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన రొట్టె కోసి పళ్ళెం బల్ల మీద పెట్టగానే, ఏదైతే అదే అవుతుందని చివరన ఉన్న ముక్క మీద చెయ్యి వేసింది. టప్‌మని వేళ్ళ మీద గరిటె పడింది.

"అది నాది! కాల్చినవాడిదే చివరి ముక్క. ఆచారం!"

"ఆ ఆచారం పుట్టుపూర్వోత్తరాలేమిటో?" అన్నాడు మోసీ.

"నోర్మూసుకుని తిను!"

ఆయన కొరికాడు. పళ్ళ మధ్య నుంచి పేలిక లాగాడు. ఇల్లంతా నవ్వులు. "దరిద్రం ఈయన అడ్రసు మరిచిపోదురా!" అన్నాడు మోసీ. ఎత్నా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

పళ్ళేలు తీసేటప్పుడు ఆయన వదిలేసిన రొట్టె అంచు ఆమె కంటబడింది. దాని అడుగున ఒక లవంగం గుచ్చి ఉంది. బ్రాక్‌లో ఎవరూ లవంగం గుచ్చరు. ఏ ముక్కలో పేలిక ఉందో తెలియాలంటే తప్ప.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"బాబాయ్, ఈ లవంగం పుట్టుపూర్వోత్తరాలు తెలుసా నీకు?"

కోల్‌మన్ ముఖం కందగడ్డ అయింది. "లవంగమా? బ్రాక్‌లో లవంగమా? మన తాతలెవరైనా వేశారా! పండగల్ని భ్రష్టు పట్టిస్తున్నారు!" అంటూ దాన్ని లాక్కుని నోట్లో వేసుకున్నాడు. ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎత్నా డబ్బాలోంచి మరో లవంగం తీసి, వచ్చే ఏడాదికి ఉంచుకోమని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఒకటేనా?" అని గయ్యిమన్నాడు కోల్‌మన్. "పొయ్యిలో మాడిపోతే? రెండియ్యి!"